అల్లుడి వైపు చూడకూడదు

వాసన.

మొదట్లో సన్నగా వచ్చేది. ఉత్తరపు గాలి కాస్త ఆగినప్పుడు మాత్రమే. గాలి మళ్ళీ లేచిందంటే సముద్రపు ఉప్పు దాన్ని అవతలికి తోసేసేది, బెర్నీసియా హమ్మయ్య అనుకునేది.

తర్వాత గాలి లేచినా పోలేదు.

తియ్యగా... కుళ్ళుగా... మగ్గిన అరటిపండుకీ చచ్చిన చేపకీ మధ్య ఎక్కడో ఉండే వాసన. కర్రపెండలం చెక్కు తీస్తుంటే వచ్చేది. పొయ్యి ఊదుతుంటే వచ్చేది. ప్రార్థనకని కళ్ళు మూసుకుంటే మరీ దగ్గరగా వచ్చేది.

పీత చచ్చి ఉంటుంది అనుకుంది.

ఇల్లు గుంజల మీద ఉంది. ముందు సముద్రం, వెనక మడుగు, మధ్యలో సన్నటి ఇసుక మీద ఊరు. గాలి ముదిరితే మడుగు నీళ్ళు ఇంటి కిందికి వస్తాయి. పోతూ పోతూ ఏదో ఒకటి వదిలిపోతాయి — పీత, చేప తలకాయ, ఎవరిదో ఒంటి చెప్పు.

కర్ర పట్టుకుని ఇంటి కిందికి వంగింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. పడుకున్న పందిని అదిలించింది. ఇసుక తవ్వింది, ఎండుటాకులు లాగింది, పొయ్యిలో బూడిద తెచ్చి చల్లింది. ఏమీ దొరకలేదు. మర్నాడు మళ్ళీ వంగింది.

పైనుంచి, నేల పలకల సందుల్లోంచి, ఒక గొంతు వినిపించింది.

"కెప్టెన్, పీత దానంతటది ఎండిపోతుందిలే. వంగొద్దని చెప్పు. ఆ మోకాళ్ళు కాస్తా పోతాయని చెప్పు."

బెర్నీసియా పైకి చూడలేదు. ఆ గొంతు వైపు చూడకూడదు.

చూడకూడని వైపు నుంచి వాసన కూడా రాదనుకుంది.

అదీ ఆమె చేసిన పొరపాటు.

అది అల్లుడి గొంతు.

ఈ ఊళ్ళో అందరూ ఇల్లరికపు అల్లుళ్ళే. పెళ్ళయిన రోజున మిస్కీతో తెగ మగవాడు బట్టల మూట చంకన పెట్టుకుని పెళ్ళాం తల్లి ఇంటికి వస్తాడు. ఆ రోజు నుంచి అత్త అతని ముఖం చూడదు. పేరు పలకదు. ఎదురొస్తే పక్కకి తిరిగి నిలబడుతుంది. అతనూ అంతే. పట్నంలో ఇప్పుడెవరూ ఇవి పాటించడం లేదట. ఈ ఊరి పిల్లలు కూడా నవ్వుతారు. బెర్నీసియా నవ్వదు. వాళ్ళమ్మ పాటించింది, అమ్మమ్మ పాటించింది. గౌరవం అంటే ఆమెకి తెలిసింది ఇదొక్కటే — తల తిప్పుకోవడం.

కాబట్టి ఇన్నేళ్ళూ ఆమెకి అల్లుడంటే పాదాల చప్పుడు.

రెండేసి మెట్లు ఒక్కసారి ఎక్కే చప్పుడు. తడి పాదాలు పలకల మీద తపతపమనే చప్పుడు. తాగొచ్చిన రోజు తడబడుతూ, అత్తకి వినపడకూడదని ఆగి ఆగి వేసే చప్పుడు. లాబ్‌స్టర్ రొయ్యలు బాగా పడిన ప్రయాణం నుంచి తిరిగొస్తే, ఇల్లంతా ఊగేలా గంతులేసే చప్పుడు.

ఆ చప్పుడు ఆగిపోయింది.

రొయ్యల కోసం మునిగిన లోతులోంచి గబుక్కున పైకొచ్చాడు, రక్తంలో గాలి చేరింది, నడుము కింద అంతా చచ్చుబడింది అన్నాడు డాక్టరు. లివా మైరిన్ కొట్టింది అన్నారు ఊళ్ళోవాళ్ళు. నీళ్ళ కింద ఉండే ఆవిడ, తన రొయ్యల్ని బస్తాలకి బస్తాలు ఎత్తుకుపోతుంటే చూస్తూ ఊరుకుంటుందా అన్నారు. బెర్నీసియా రెండూ నమ్మింది. ఏది నమ్మినా మంచం మాత్రం ఆమె ఇంట్లోనే ఉంది.

నలుగురు మనుషులు అతన్ని పడవలోంచి మోసుకొచ్చిన రోజున కూడా... ఆమె తల తిప్పుకునే నిలబడింది.

కూతురు మెల్బా చూసుకుంది. కడిగింది, పక్కకి తిప్పింది, ఎత్తి కూర్చోబెట్టింది. చూసుకుని చూసుకుని, ఒకరోజు దీవుల్లో హోటలు దుప్పట్లు ఉతికే పనికి వెళ్ళింది. వస్తానంది. ఆ మాట గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

తర్వాత అతని తమ్ముడు హార్లన్ వచ్చి చూసుకున్నాడు. రొయ్యల కాలం మొదలైంది. బోట్లు కూత వేశాయి. హార్లన్ కూడా వెళ్ళిపోయాడు — అన్నని పడగొట్టిన నీళ్ళలోకే. ఈ ఊరి మగవాళ్ళకి వేరే నీళ్ళు లేవు.

మిగిలింది ఒక అత్త, ఒక అల్లుడు, మధ్యలో ఒక గుడ్డ తెర.

ఇంకా ఒక కుక్క.

కుక్క పేరు కెప్టెన్. ఒక్క పనీ చెయ్యకుండా అందరి మీదా అరుస్తుందని, బోటు కెప్టెన్ని తలుచుకుని అల్లుడే ఆ పేరు పెట్టాడు. అత్తా అల్లుళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. కుక్కతో మాట్లాడకూడదని ఎవరూ అనలేదు.

"కెప్టెన్, వాబుల్ చల్లారిపోతోంది," అనేది బెర్నీసియా. కొబ్బరిపాలలో మెదిపిన అరటికాయ జావ గిన్నెని తెర కిందనుంచి లోపలికి తోసేది.

అవతల ఒళ్ళు ఈడ్చుకునే చప్పుడు. చేతులతో మంచం దిగి, పలకల మీద పాక్కుంటూ వచ్చి, గిన్నె అందుకునేవాడు.

"కెప్టెన్, ఉప్పు తక్కువైందని చెప్పు."

"కెప్టెన్, ఉప్పు చాలకపోతే ఎదురుగా సముద్రం ఉందని చెప్పు. వెళ్ళి ముంచుకోమను."

తెర వెనక నవ్వు వినిపించేది. ఆమె కూడా, పొయ్యి వైపు తిరిగి, కొంచెం నవ్వేది.

అంతే వాళ్ళ సంసారం.

అలసిపోయింది బెర్నీసియా.

పొద్దున లేచేసరికే అలసిపోయి ఉండేది. నీళ్ళు తేవాలి, కట్టె తేవాలి, పెండలం తవ్వాలి, తెర కిందనుంచి వచ్చిన గుడ్డలు ఉతకాలి. ఉతికిన గుడ్డలు ఉత్తరపు గాలికి ఎగిరి ఇసుకలో పడతాయి, మళ్ళీ ఉతకాలి. మొగుడు ఎప్పుడో మునిగిపోయాడు. తన ఒళ్ళు మాత్రం ఇంకా తేలుతోంది, దాన్ని లాక్కుపోవాలి.

దేవుడా, ఇంకెన్నాళ్ళు... అనుకునేది. ఎవరి గురించి అనుకుంటోందో తనకే సరిగ్గా తెలిసేది కాదు.

ఆ రోజు పొద్దున గాలి ఆగింది.

చీమలు కనిపించాయి.

ఎర్రచీమలు. ఇసుకలోంచి బయల్దేరి, గుంజ మీదుగా ఎక్కి, పలకల అంచున మలుపు తిరిగి, పొయ్యి పక్కనుంచి వరసగా పోతున్నాయి. చక్కెర ఒలికిందేమోనని ఆమె వాటి వెంట చూసింది. గిన్నెలు దాటాయి. గడప దాటాయి. తెర కిందికి దూరాయి.

వేలితో తెరని కొంచెం తొలగించింది. చీమల్నే చూస్తోంది, ఇంకేమీ చూడట్లేదు. చీమలు నేల దాటాయి. మంచం కోడు ఎక్కాయి. దుప్పటి మడతలోకి... నడుము దగ్గరికి... అక్కడ ఆగి, గుంపుగా ముసిరాయి.

ఆమె తలెత్తింది.

అతను ఆమెనే చూస్తున్నాడు.

అన్నేళ్ళలో మొదటిసారి. ఇద్దరూ చూపు తిప్పుకోవడం మరిచిపోయారు. తిప్పుకోవాలని తెలుసు, ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

ముందు అతనే కళ్ళు మూసుకున్నాడు.

"కెప్టెన్," అన్నాడు. "చూడలేదనుకోమను. పొయ్యి దగ్గరికి పొమ్మను. ఇంకెన్నో రోజులు పట్టదని చెప్పు."

ఆమెకి అర్థమైంది. పీత ఎక్కడుందో తెలిసింది. అతనికి మొదటినుంచీ తెలుసని కూడా తెలిసింది. తెలిసి, వెల్లకిలా పడుకుని, మంచాన పడి ఉండి ఉండి లేచిన పుండుని తన ఒంటి కిందే దాచుకుని, కింద ఆమె ఇసుక తవ్వుతుంటే వింటూ ఉన్నాడు.

తెర వదిలేసింది.

ఇంకెన్నో రోజులు పట్టదు...

ఆ మాట ఒక్క క్షణం ఆమెకి హాయిగా అనిపించింది. దాచడానికేం లేదు — హాయిగానే అనిపించింది. ఉతకడానికి గుడ్డలుండవు. మోయడానికి నీళ్ళుండవు. వాకిట్లో కూర్చుని సముద్రం చూడొచ్చు. అతనే అడుగుతున్నాడు కదా, తను చెయ్యాల్సింది ఏమీ చెయ్యకపోవడమే కదా. మర్యాద కూడా దక్కుతుంది.

మెట్లు దిగి ఇసుకలో కూలబడింది.

పక్కింటి చెల్లెలు వెన్సెస్లా పెండలం గంపతో వచ్చింది.

"ఏంటే అక్కా, దెయ్యం పట్టినదానిలా కూర్చున్నావ్?"

"పీత దొరికింది."

"దొరికితే అవతల పారెయ్. దానికింత ఏడుపెందుకే?"

"లోపలుంది."

వెన్సెస్లా గంప దించింది. ఇంటి వైపు చూసింది. ముక్కుతో గాలి పీల్చింది. నెమ్మదిగా వచ్చి పక్కన కూర్చుంది.

"చూశావా?"

"చూశాను."

"ముఖం?"

"ముఖమే."

వెన్సెస్లా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక అడిగింది. "ఎలా ఉన్నాడే?"

"ముసలాడైపోయాడు." బెర్నీసియా ఇసుక వైపు చూసింది. "నేను ఇంకా... కుర్రాడే అనుకుంటున్నాను."

మడుగు మీద మళ్ళీ అలలు లేస్తున్నాయి. ఈ గాలిలో అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రి పడవ రాదు. గాలి తగ్గాక వస్తుంది. ఎప్పుడు తగ్గుతుందో గాలికే తెలియాలి. అందాకా ఎవరో ఒకరు రోజూ కడగాలి.

"పాస్టరు గారిని పిలవనా?"

"పిలువు. ప్రార్థన చేస్తాడు. కడగడు."

"మగాడు కావాలే దీనికి."

"మగాళ్ళంతా బోట్ల మీద ఉన్నారు. మిగిలినవాళ్ళు మంచాల మీద ఉన్నారు."

ఈ వరసలో ఇళ్ళన్నీ అక్కచెల్లెళ్ళవే. అందరూ అతనికి అత్తలే. ఇక మెల్బా ఈడు పిల్లలు... మొగుళ్ళు సముద్రం మీద ఉండగా వేరే మగాడి ఒళ్ళు తాకారంటే, బోట్లు తిరిగొచ్చాక ఎన్ని ఇళ్ళలో గొడవలు లేస్తాయో ఇద్దరికీ తెలుసు.

"వద్దంటున్నాడు వాడు," అంది బెర్నీసియా. "వదిలెయ్యమంటున్నాడు."

"నువ్వేమంటావ్?"

బెర్నీసియా మోకాళ్ళు నిమురుకుంది. వంగొద్దని చెప్పు... ఆ మాట గుర్తొచ్చింది. తను కుళ్ళిపోతూ, పైన పడుకుని, కింద ముసల్దాని మోకాళ్ళ గురించి బెంగపెట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆమె మోకాళ్ళ గురించి అడిగిన మనిషి అతనొక్కడే. కన్న కూతురు కూడా అడగలేదు.

కోపం వచ్చింది. ఎందుకో తెలియదు, ఒళ్ళు మండిపోయింది.

"జామాకులు కోసుకురా," అంది. "చాలా కావాలి."

జామాకులు మరిగాయి. ఉప్పు వేసింది. మెల్బా పాత లంగాని చించి, ఉడకబెట్టి, పిండింది. సబ్బు తీసుకుంది. అన్నీ చేత్తో పట్టుకుని తెర దగ్గర నిలబడింది.

తర్వాత తల గుడ్డ విప్పి కళ్ళకి కట్టుకుంది.

అలాగైతే ఫరవాలేదనిపించింది. చూడకుండా కడగొచ్చు. అటు పనీ అవుతుంది, ఇటు మర్యాదా ఉంటుంది. తడుముకుంటూ లోపలికి వెళ్ళింది. మోకాలు మంచానికి కొట్టుకుంది. వేడినీళ్ళు పాదం మీద ఒలికాయి. కెప్టెన్ అడ్డం వచ్చి కాళ్ళ మధ్య దూరింది.

"కెప్టెన్, పక్కకి తిరగమను."

మంచం కదిలిన చప్పుడు రాలేదు.

"కెప్టెన్, నీళ్ళు చల్లారిపోతాయని చెప్పు."

"కెప్టెన్, తిరగనని చెప్పు." మంచం పట్టె కిర్రుమంది. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడని ఆ చప్పుడు చెప్పింది. "సిగ్గుతో చంపొద్దని చెప్పు. ఊరికే చావనివ్వమను."

ఆమె చెయ్యి గాలిలో తడిమింది. అతని భుజం తగిలింది. నిప్పు తగిలినట్టు ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు.

బెర్నీసియా నేల మీద కూర్చుండిపోయింది. కళ్ళకి గుడ్డ. ముందు ఆవిరి. చుట్టూ ఆ వాసన. ఎక్కడ కూర్చుందో, ఎటు తిరిగి ఉందో తెలియడం లేదు. ఇలా ఎలా కడుగుతుంది... పుండు ఎక్కడుందో తెలియదు, ఎంతుందో తెలియదు. ఇంతకాలం చేసింది ఇదే కదా. కళ్ళకి గంతలు కట్టుకుని పీత కోసం ఇసుక తవ్వింది.

గుడ్డ లాగేసింది.

"లాండిన్," అంది.

ఎప్పుడూ పలకని పేరు. తప్పు పలికానేమో అనుకుని మళ్ళీ పలికింది.

"లాండిన్. వదులు."

మంచం పట్టె మీద అతని వేళ్ళు చాలాసేపు అలాగే ఉన్నాయి. తెల్లగా, బిగుసుకుని. తర్వాత ఒక్కొక్కటే విడిచాయి. ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మర్యాదలో అతనికి మిగిలింది అంతే.

ఆమె భుజం పట్టి, తుంటి పట్టి, బలమంతా పెట్టి పక్కకి తిప్పింది.

అరచెయ్యంత పుండు. అంచులు నల్లబడ్డాయి. మధ్యలో లోతుగా, తెల్లగా... ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కిటికీ చెక్క పట్టుకుని నిలబడింది. సముద్రం మామూలుగా ఉంది. ఏమీ పట్టనట్టు ఉంది. కాసేపు దాన్ని తిట్టుకుంది.

తిరిగి వచ్చింది.

చీమలు దులిపింది. గుడ్డ ముంచింది, పిండింది, అద్దింది. మాట్లాడలేదు. అద్దింది, ముంచింది, పిండింది. నీళ్ళు రంగు మారాయి. పారబోసి మళ్ళీ పోసుకుంది.

అతని వీపు బిగుసుకుని ఉంది. దవడ బిగుసుకుని ఉంది. ఊపిరి బిగబట్టి, గోడ వైపు చూస్తూ, దేనికోసమో ఎదురుచూస్తున్నాడు.

"కెప్టెన్..." అన్నాడు చివరికి. "ఇంకా మొదలుపెట్టలేదా అని అడుగు."

ఆమె చేతిలో గుడ్డ ఆగింది.

సగం అయిపోయింది. అతనికి తెలియలేదు. ఒక మనిషి తనని ముట్టుకుంటోందని, కడుగుతోందని, ఇంతసేపట్నుంచీ కడుగుతోందని అతనికి తెలియనే లేదు. నొప్పి వస్తుందని ఎదురుచూస్తూ పడుకున్నాడు. అది రాదు.

అప్పుడు ఏడ్చింది బెర్నీసియా. పుండుని చూసి రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

ముక్కు చీదుకుని, గుడ్డ మళ్ళీ ముంచింది.

"మొదలుపెట్టాను," అంది. కుక్కతో కాదు, అతనితోనే. "ఇప్పుడు కుడి తుంటి దగ్గర ఉన్నాను. గుడ్డ వేడిగా ఉంది. అద్దుతున్నాను."

అతను కదలలేదు.

"ఇప్పుడు పుండు అంచున. ఇక్కడ నల్లగా ఉంది. నేను తియ్యను, నర్సు తీస్తుంది. చుట్టూ కడుగుతున్నాను. రక్తం కొంచెం వచ్చింది. ఎర్రగానే ఉంది, మంచిదే అనుకుంటా."

చెప్పకపోతే అతనికి ఏమీ లేదు. ఆమె చెయ్యి లేదు, నీళ్ళు లేవు, తన ఒళ్ళే లేదు. అందుకని చెబుతూ పోయింది. ఎన్నో ఏళ్ళ మౌనం ఇలా తెగుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు... తెగాక ఆగలేదు.

"ఇది తొడ. ఇక్కడేదో మచ్చ ఉంది, వంకరగా. ఏంటిది?"

గోడ వైపు నుంచి జవాబు వచ్చింది. "చిన్నప్పుడు. ముల్లుచేప కొట్టింది." మళ్ళీ ఆగి — "ఇంకా ఉందా అది?"

"ఉంది. బాగానే ఉంది."

"మోకాలు?"

"సన్నబడింది. నాదైనా దీనికంటే నయం."

అతని వీపు కొంచెం కదిలింది. నవ్వో, ఇంకేదో.

"గోళ్ళు పెరిగాయి. రేపు కత్తిరిస్తాను. మడమ దగ్గర చర్మం ఎర్రబడింది, దాని కింద గుడ్డ పెడతాను. బొటనవేలికి ఇసుక ఉంది, తుడిచాను."

దూరపు ఊళ్ళో వదిలొచ్చిన వాళ్ళ కబుర్లు విన్నట్టు విన్నాడు. ఒక్కొక్క మాటకీ తల కొంచెం ఊపాడు. ఆమెకి నడుము విరిగిపోతోంది. రేపు మళ్ళీ చెయ్యాలి. ఎల్లుండి మళ్ళీ. గాలి ఇంకా పెరుగుతోంది. పడవ వచ్చేలోపు ఈ పుండు ఏమవుతుందో చెప్పగలిగేవాళ్ళు ఈ ఒడ్డున ఎవరూ లేరు. మరిగిన జామాకుల వాసన కింద, ఆ వాసన ఇంకా ఉంది.

చివరికి వీపు కడగడం మొదలుపెట్టింది. కిందనుంచి పైకి.

"ఇప్పుడు నడుము. ఇప్పుడు నడుము పైన. ఎముకలు తగులుతున్నాయి, బాగా తినాలి నువ్వు. ఉప్పు తక్కువైనా సరే తినాలి. ఇప్పుడు ఇంకొంచెం పైకొచ్చాను. ఇప్పుడు పక్కటెముకల దగ్గర..."

అతని ఒళ్ళు జలదరించింది.

"ఇక్కడ తెలుస్తోంది," అన్నాడు.

ఆమె ఆగింది.

"ఇక్కడ్నుంచి తెలుస్తోంది, అత్తా."

గుడ్డ పక్కన పెట్టింది. ఒట్టి అరచెయ్యి అక్కడే, ఆ గీత మీద ఆనించింది. చెప్పాల్సిందేమీ లేక ఊరుకుంది. చేతి కింద అతని ఊపిరి లేస్తోంది, పడుతోంది, మధ్యలో వెక్కుతోంది.

నీళ్ళు చల్లారిపోతున్నాయి. ఆమె చెయ్యి తియ్యలేదు.